లండన్ నగరసభ ఎన్నికలు - అభ్యుదయ అభ్యర్థుల ఎంపిక (1889–1907)

"అభ్యుదయ" శబ్దము తెలుగునకు క్రొత్తది కాదు. శుభకార్యములకు ముందు జరుపు నాందిని ఆభ్యుదయికమనుట పండితులెఱిగినదే. అచ్చట ఆ మాటకు శ్రేయస్సు, పెంపు అని అర్థము. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘము ఏర్పడిన పిమ్మట ఈ శబ్దము సమాజమును ముందునకు నడపు దృష్టి యను విశేషార్థమున స్థిరపడి, సాహిత్యమునుండి రాజకీయ పరిభాషకును వ్యాపించినది. పురపాలక ఎన్నికల ప్రసంగములలో "అభ్యుదయ అభ్యర్థి" యను మాట తఱచుగా వినవచ్చును. కాని ఆ విశేషణమునకు నిర్దిష్టమైన అర్థమేమి? ఒక అభ్యర్థి దానికి అర్హుడో కాడో ఓటరు తెలిసికొనుటెట్లు? ఈ ప్రశ్నకు చరిత్రలో సమాధానము వెదకువారికి లండన్ నగరము మంచి క్షేత్రము. అచ్చట సరిగా ఆ పేరుతోనే, అనగా ప్రోగ్రెసివ్ పక్షమను నామముతోనే, ఒక పక్షము 1889 నుండి 1907 వరకు పదునెనిమిది సంవత్సరములు నగరసభను నడపినది. దాని అభ్యర్థులను ఎవరు, ఏ ప్రమాణములతో ఎంచిరో పరిశీలించుటయే ఈ వ్యాసోద్దేశము.

1. పూర్వరంగము

1855 నాటి చట్టముచే లండన్ నగరమునకు మెట్రోపాలిటన్ బోర్డు ఆఫ్ వర్క్స్ అను సంస్థ ఏర్పడెను. దాని సభ్యులను ప్రజలు నేరుగా ఎన్నుకొనలేదు. పేటల యందలి వెస్ట్రీలు, జిల్లా బోర్డులు తమలోనుండి వారిని పంపుచుండెడివి. ఈ బోర్డు ఘనకార్యములు చేయలేదనుట సాహసము. బజాల్జెట్ అను ఇంజనీరు నిర్మించిన భూగర్భ మురుగు కాలువలు, థేమ్స్ నదీతీరపు కట్టలు దాని హయాములోనివే. ఐనను, ఓటరునకు నేరుగా జవాబు చెప్పవలసిన అవసరము లేని సంస్థలో ఏమి జరుగునో అదే అచ్చటను జరిగెను. నగర స్థలములను కౌలుకిచ్చుటలో ఉద్యోగులు కొందఱు లంచములు తీసికొనిరని ఆరోపణలు రాగా, 1888లో రాజకీయ విచారణ సంఘమొకటి వానిని పరిశీలించి, అక్రమములు జరిగిన మాట నిజమేయని తేల్చెను. ఆ సంవత్సరమే వెలువడిన స్థానిక ప్రభుత్వ చట్టము బోర్డును తొలగించి, ఓటర్లు నేరుగా ఎన్నుకొను లండన్ కౌంటీ కౌన్సిలును నెలకొల్పెను.

ఈ కౌన్సిలునకు 118 మంది ఎన్నికైన సభ్యులు. పార్లమెంటు నియోజకవర్గములు 57 ఒక్కొక్కటి యిద్దఱిని, ప్రాచీన నగరభాగము నలుగురను ఎన్నుకొనవలెను. వీరు మఱి 19 మంది ఆల్డర్మన్లను తామే ఎంచుకొందురు. మూడేండ్లకొకసారి ఎన్నిక. మొదటి ఎన్నిక 1889 జనవరి 17న జరిగెను. అప్పటికింకను పక్షములు స్పష్టముగా రూపుగొనలేదు. నగరపాలనకు పార్లమెంటు రాజకీయములతో పనిలేదని వాదించినవారు అనేకులు. ఫలితములు వెలువడిన పిమ్మట సభ్యులు ప్రోగ్రెసివులు, మాడరేట్లు అను రెండు వర్గములుగా చీలిరి. లిబరల్ పక్షీయులు, రాడికలులు, కార్మిక సంఘముల వారు, ప్రభుత్వమతమునకు వెలుపలి క్రైస్తవ శాఖలవారు మొదటి వర్గమున చేరిరి. సభలో ఆధిక్యము వారిదే. లార్డ్ రోజ్‌బరీ మొదటి అధ్యక్షుడయ్యెను.

2. ప్రశ్నించు పద్ధతి

పక్షము పేరు అభ్యుదయమైనంత మాత్రమున అందలి ప్రతి అభ్యర్థియు అభ్యుదయవాది కాడని తొలుత గుర్తించినది ఫేబియన్ సంఘము. 1884లో స్థాపితమైన ఈ చిన్న సంఘమునకు ఓట్ల బలము లేదు. కావున అది ఒక ఉపాయమును కనిపెట్టెను. పార్లమెంటు, పాఠశాలా మండలి, కౌంటీ కౌన్సిలు, పురపాలక సంఘము - ఇట్లు ఒక్కొక్క ఎన్నికకు ఒక్కొక్క ప్రశ్నావళిని కరపత్రముగా ముద్రించి ఓటర్లకు పంచిపెట్టెను. అభ్యర్థి సభకు వచ్చినపుడు ఓటరు ఆ కాగితమును చేతబట్టి ప్రశ్నింపవలెను. నీటి సరఫరాను ప్రైవేటు కంపెనీలనుండి తప్పించి ప్రజాసంస్థకు అప్పగింతువా? కంట్రాక్టరులు కార్మిక సంఘపు రేటు ప్రకారము కూలి ఇయ్యవలెనని నిబంధన పెట్టుదువా? నగరాభివృద్ధి వలన విలువ పెరిగిన భూమిపై యజమానిచేత పన్ను కట్టింతువా? ప్రశ్నలు ఈ తీరువి.

ఈ పద్ధతియందలి విశేషము గమనింపదగినది. "మీరు పేదల పక్షమా?" అని యడిగినచో కాదనువాడు లేడు. "ఫలానా తీర్మానమునకు ఓటు వేయుదురా?" అని యడిగినపుడు అభ్యర్థి అవుననవలెను, కాదనవలెను, లేదా తప్పించుకొనవలెను. మూడింటను ఓటరునకు కొంత తెలియును. మూడేండ్ల పిమ్మట అదే అభ్యర్థి తిరిగి వచ్చినపుడు, అతడు చెప్పిన మాటను సభలో అతడు వేసిన ఓటుతో పోల్చి చూచుటకును వీలు కలుగును. అనగా ఎంపిక యనునది ఒకనాటి యభిమానముగాక, సాగుచుండు పరీక్షగా మాఱినది.

సిడ్నీ వెబ్ 1891లో ప్రకటించిన "లండన్ ప్రోగ్రామ్" అను గ్రంథము ఈ ప్రశ్నలకు వెనుకనున్న విధానమును సమగ్రముగా వివరించెను. 1892 ఎన్నికలో ప్రోగ్రెసివులు ఎనుబదికి పైగా స్థానములు గెలిచిరి. వెబ్ డెట్‌ఫర్డునుండి సభ్యుడై 1910 వరకు కొనసాగెను. 1893లో సాంకేతిక విద్యామండలికి అధ్యక్షుడై, పేద బాలబాలికలకు విద్యార్థి వేతనముల పద్ధతిని విస్తరింపజేసెను.

3. పేద అభ్యర్థి భుక్తి

కౌన్సిలు సభ్యత్వమునకు వేతనము లేదు. సమావేశములు, ఉపసంఘములు పనివేళలందే జరుగును. దినకూలిపై బ్రతుకువాడు ఎన్నికైనను సభకు పోవుటెట్లు? చట్టము అతనిని నిషేధింపలేదు, ఆకలియే నిషేధించెను. కార్మికులు దీనికి మార్గము తామే కనుగొనిరి. 1889లో బాటర్సీనుండి ఎన్నికైన జాన్ బర్న్స్ అను ఇంజనీరింగు కార్మికునకు ఆ పేట కార్మికులు చందాలు వేసికొని వేతననిధి నేర్పఱచిరి. 1892లో పాప్లర్ నుండి ఎన్నికైన విల్ క్రూక్స్ అను పీపాల పనివానికిని అట్టి నిధియే ఆధారమయ్యెను. కంట్రాక్టు పనులలో న్యాయమైన కూలి నిబంధన కొఱకును, కంట్రాక్టరుల ప్రమేయము లేకుండ కౌన్సిలే నేరుగా పనులు చేయించుటకును సభలో బలముగా పోరాడినవారిలో ఇట్టివారు ముఖ్యులు. 1892లో నెలకొల్పిన వర్క్సు శాఖ ఈ కృషి ఫలమే.

అభ్యర్థిని ఎంచుట యనగా ఓటు వేయుట మాత్రమే కాదనియు, ఎన్నికైన పిదప అతడు స్వతంత్రుడై నిలుచునట్లు చూచుటయు అందు భాగమనియు ఈ వృత్తాంతము చెప్పుచున్నది. ఐతే నిధి అన్ని వేళల అభ్యర్థిని నిలుపలేదు. బర్న్స్ 1905లో లిబరల్ మంత్రివర్గమున స్థానిక ప్రభుత్వ శాఖకు అధ్యక్షుడైన పిమ్మట, పేదల సహాయ విషయమున పాత మిత్రులు ఆశించిన మార్పులు చేయలేదని తీవ్రవిమర్శకు గురియయ్యెను.

4. ఎన్నుకొనినను కూర్చుండనీయని స్త్రీలు

పన్ను చెల్లించు అవివాహితలకు, వితంతువులకు స్థానిక ఎన్నికలలో ఓటు 1869 నుండి క్రమముగా లభించియున్నది. పాఠశాలా మండలికి స్త్రీలు అభ్యర్థులుగ కూడ నిలువవచ్చును. 1870లో జరిగిన మొదటి ఎన్నికలోనే ఎలిజబెత్ గారెట్ 47,000కు పైగా ఓట్లతో మేరిల్‌బోన్ నుండి గెలిచెను. అచ్చటి ఎన్నిక పద్ధతియు విలక్షణమైనది. ఎన్ని స్థానములో అన్ని ఓట్లు ప్రతి ఓటరునకు ఉండెడివి. అన్నింటిని ఒక్కరికే వేయవచ్చును. అల్పసంఖ్యాకులు తమవారినొకరిని గెలిపించుకొనుటకు ఇది తోడ్పడెను. 1888లో అనీబెసెంటు టవర్ హామ్లెట్సు నుండి ఈ మండలికి ఎన్నికయ్యెను. ఆకలిగొన్న పిల్లలకు బడిలో భోజనము, ఉచితవిద్య, మండలి పనులలో న్యాయమైన కూలి - ఇవి ఆమె ఎన్నికల ప్రణాళికలోని ముఖ్యాంశములు. వీనిలో కూలి నిబంధనను మండలి 1889లోనే అంగీకరించెను. తరువాతి కాలమున మద్రాసు అడయారులో నివసించి, మదనపల్లెలో కళాశాల స్థాపించిన బెసెంటు ఈమెయే.

కౌంటీ కౌన్సిలు కథ వేఱు. 1889లో బ్రిక్స్‌టన్ నుండి లేడీ శాండ్‌హర్స్టు, బో-బ్రామ్లీనుండి జేన్ కాబ్డెన్ ఎన్నికైరి. ఎమ్మా కాన్స్‌ను సభ ఆల్డర్మనుగా ఎంచుకొనెను. ఓడిన ప్రత్యర్థి న్యాయస్థానమునకు పోగా, స్త్రీకి ఓటుహక్కు చట్టమిచ్చినదిగాని సభ్యత్వపు హక్కు ఇయ్యలేదని తీర్పు వచ్చెను. లేడీ శాండ్‌హర్స్టునకు పడిన ఓట్లు చెల్లనివైనవి. ఓటర్లు తిరస్కరించిన వ్యక్తి ఆమె స్థానమున కూర్చుండెను. జేన్ కాబ్డెన్ ఎన్నికను ప్రత్యర్థి సవాలు చేయలేదు. పండ్రెండు నెలలు గడచినచో ఎన్నిక తిరుగులేనిదగునను నియమమును ఆశ్రయించి, ఆమె అంతకాలము సభలో ఓటు వేయక మిన్నకుండెను. గడువు దాటిన పిదప ఓటు వేయగా, అర్హత లేకుండ ఓటు వేసినందులకు ఆమెపై వ్యాజ్యము వేసిరి. స్థానము నిలిచినది, ఓటు మాత్రము నేరమైనది! 1907లో ప్రత్యేక చట్టము వచ్చువఱకు కౌంటీ కౌన్సిళ్లలో స్త్రీలకు ఈ యవరోధము తొలగలేదు. ఎవరిని ఎన్నుకొనవచ్చునో నిర్ణయించు అధికారము ఓటరు చేతిలో లేనిచో, ఎంపిక ఎంత వివేకముతో చేసినను అది సగము ఎంపికయే.

5. సాధించినవి, సాధింపలేనివి

అభ్యుదయ పక్షపు పాలన ఫలితములను నిష్పక్షపాతముగా తూచవలెను. కంపెనీల ట్రాములను కౌన్సిలు కొని, 1903 నుండి విద్యుత్తుతో నడిపెను. తూర్పు లండనులో ఓల్డ్ నికల్ అను మురికివాడను తొలగించి, 1900లో బౌండరీ వీథి గృహసముదాయమును ప్రారంభించెను. ఇండ్లు మంచివి, విశాలమైనవి. కాని తొలగింపబడిన 5,700కు పైగా జనములో క్రొత్త యిండ్లకు తిరిగి వచ్చినవారు అత్యల్పులు. అద్దె అధికము, నియమములు కఠినము. వాడ బాగుపడినది, వాడలోని వారు పొరుగు మురికివాడలకు చేరిరి. ఎవరి పేరు చెప్పి ఓటడిగిరో వారికి ఫలము దక్కినదా యను ప్రశ్న ఫేబియనుల ప్రశ్నావళిలో ఉండవలసినది.

వర్క్సు శాఖలో ఒక పని ఖర్చును మఱియొక పని పద్దున వ్రాసిన అక్రమములు 1896లో బయటపడినవి. నీటి కంపెనీలను తొలగించుట ప్రోగ్రెసివుల చిరకాల వాగ్దానము. 1902 చట్టముచే కంపెనీలు పోయినవిగాని, అధికారము కౌన్సిలునకు రాక ప్రత్యేకమైన నీటి బోర్డునకు పోయినది. 1905లో థేమ్స్ నదిపై ప్రారంభించిన కౌన్సిలు పడవలు నష్టములపాలై, 1907లో నిలిచిపోయినవి.

ప్రత్యర్థులు ఊరకుండలేదు. 1894లో లండన్ మునిసిపల్ సంఘమును స్థాపించిరి. 1895 ఎన్నికలో ఇరుపక్షములకు 59 స్థానముల చొప్పున రాగా, ఆల్డర్మన్ల బలముతోనే ప్రోగ్రెసివులు నిలిచిరి. తరువాత కోలుకొనినను, 1907లో మునిసిపల్ రిఫార్మ్ అను క్రొత్త పేరు ధరించిన ప్రత్యర్థి పక్షము పన్నుల భారమును ముఖ్య ప్రచారాంశముగా చేసికొని, 79 స్థానములతో అధికారము గైకొనెను. 1909లో వర్క్సు శాఖను మూసివేసెను. ఓడినవారు గోడపత్రికలను, పత్రికాధిపతులను నిందించిరి. ఆ నిందలో కొంత సత్యము లేకపోలేదు. కాని పన్ను కట్టు చిన్న దుకాణదారునకు ఆ పన్ను దేనికి ఖర్చగుచున్నదో విప్పి చెప్పు పనిని అభ్యుదయ పక్షము అలక్ష్యము చేసినదనుటయు సత్యమే. ప్రశ్నించుటకు ఓటరునకు నేర్పినవారు, జవాబు చెప్పుటలో వెనుకబడిరి.

6. ఉపసంహారము

మనదేశమున 1882 నాటి రిప్పన్ తీర్మానము, మద్రాసు రాజధానిలో 1884 నాటి జిల్లా పురపాలక చట్టము స్థానిక ఎన్నికలకు దారితీసినవి. ఓటు పన్ను చెల్లించు కొద్దిమందికే పరిమితమైన ఆ దినములకు ముందే, 1874లో కందుకూరి వీరేశలింగము ప్రారంభించిన "వివేకవర్ధని" అధికారుల లంచగొండితనమును బట్టబయలు చేసి, అధికారమున ఉన్నవారిని పేరు పెట్టి ప్రశ్నించు సంప్రదాయమును తెలుగున నెలకొల్పెను. తెలుగువాడైన పిట్టి త్యాగరాయ చెట్టి అధ్యక్షుడుగానున్న మద్రాసు కార్పొరేషను 1920లో థౌజండ్ లైట్సు పాఠశాలలో పిల్లలకు భోజనము పెట్ట తీర్మానించినది. అది లండన్ అనుకరణమని చెప్పుటకు ఆధారము లేదు. కాని స్థానిక సభకు ఎవరిని పంపుదుమో దానిని బట్టి బడిపిల్లవాని ఆకలి తీరుటయో తీరకపోవుటయో నిర్ణయమగునని రెండు ఉదాహరణములును నిరూపించుచున్నవి.

లండన్ అనుభవమునుండి మూడు సూత్రములు తేలుచున్నవి. అభ్యర్థిని పక్షనామముతో గాక, నిర్దిష్టమైన ప్రశ్నలతో పరీక్షింపవలెను. అతని మాటను సభలోని అతని ఓటుతో పోల్చవలెను. పాలన ఫలము ఎవరికి అందవలెనో వారికి అందినదా యని విచారింపవలెను. ఈ మూడింటిలో కడపటిది కష్టతమము. అభ్యుదయ పక్షము తప్పిపోయినదియు అచ్చటనే.

ఆంధ్రదేశపు పురపాలక ఎన్నికల చరిత్ర ఈ దృష్టితో ఇంకను పరిశీలింపదగియున్నది. 1902లో బందరున పుట్టిన "కృష్ణాపత్రిక", 1908లో వారపత్రికగా వెలసి 1914 నుండి మద్రాసులో దినపత్రికయైన "ఆంధ్రపత్రిక" మొదలగువాని పాతసంచికలలో అభ్యర్థులు ఓటర్లకు ఏ మాటలతో విన్నవించుకొనిరి, ఓటర్లు వారిని ఏమని ప్రశ్నించిరి అను విషయమును పరిశోధక విద్యార్థులు వెదకినచో, "అభ్యుదయ" శబ్దము మన రాజకీయ భాషలో అర్థమును సంపాదించుకొన్న క్రమము మఱింత స్పష్టపడగలదు. మాటకు అర్థము నిఘంటువున ఒక రీతిగను, ఓటరు ప్రశ్నలో మఱియొక రీతిగను ఏర్పడును. రెండవ దానిని సేకరించు పని భాషాచరిత్రకారునిది కూడ.