వంటయింటి పొగ

విశాఖపట్నంలో పొగ అనగానే మన కళ్లకు కట్టేవి ఓడలమీది గొట్టాలు, కర్మాగారాల చిమ్నీలు. 1933లో నౌకాశ్రయం తెరచినారు. 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగినది. 1992లో దానిని జాతికి అంకితం చేసినారు. ఈ పట్టణం పెరిగిన తీరును పొగగొట్టాలను లెక్కించి చెప్పవచ్చును. కాని మేము ఇప్పుడు ప్రస్తావింపబోయే పొగ అది కాదు. అంతకంటె ఎంతో పాతది, మన ఇంటిలోనే పుట్టినది, వంటయింటి పొగ.

ఇటీవల కొన్ని ఇండ్లలో కోడి తొడలకు పొగ పట్టించి వండుకొనే ముచ్చట బయలుదేరినది. ఒకటి రెండు తరాల క్రిందట మన తల్లులు ఏ పొగను వదలించుకోవాలని తపించినారో, ఆ పొగనే ఈ తరంవారు వెదకి తెచ్చుకొంటున్నారు. ఇది వింతగా తోచవచ్చును. చరిత్ర తెలిసినవారికి మాత్రం ఇందులో వింత లేదు. కొంత హెచ్చరిక మాత్రం కలదు.

మాంసమైనా చేపయైనా చెడిపోవడానికి మూలం అందులోని తేమ. ఆ తేమను హరించడానికి మానవుడు మూడు ఉపాయాలు కనిపెట్టినాడు. అవి ఎండ, ఉప్పు, పొగ. ఎండ నీటిని ఆవిరి చేస్తుంది. ఉప్పు నీటిని బయటికి లాగి, మిగిలినదానిలో క్రిములు పెరుగకుండా అడ్డుపడుతుంది. పొగలో ఫినాలులు, ఆమ్లాలు మొదలైన పదార్థాలుంటాయి. అవి క్రిములను కొంతవరకు అణచగలవు గాని, వాటి ప్రభావం పైపొరను దాటి లోపలికి అంతగా పోదు. కనుక ఈ ముగ్గురిలో ఒంటరిగా నిలువలేనిది పొగయే. పొగబెట్టిన చేపకు పేరుపొందిన మినికాయి ద్వీపంలో కూడ సూరచేపను మొదట ఉప్పునీటిలో ఉడికించి, పిదప పొగబెట్టి, ఆ మీదట ఎండలో ఆరవేస్తారు. మాస్‌మీన్ అని పిలిచే ఆ సరకు కట్టెవలె గట్టిపడి దీర్ఘకాలం నిలుస్తుంది. అక్కడ పొగ చేసే పని మూడింట ఒక వంతు మాత్రమే.

మన సముద్రతీరం ఎండనూ ఉప్పునూ నమ్ముకొన్నది. దానికి కారణం తేలికగానే తెలుస్తుంది. ఏడాదిలో చాలా నెలలు ఇక్కడ మండుటెండ. నౌపడ మొదలుకొని తీరం వెంట ఉప్పుమళ్లు. కట్టెలు మాత్రం కొండలనుండి రావలసినవే. అందుచేత జాలరిపేటలలో నెత్తళ్లు, కవళ్లు ఇసుకమీద ఎండినవి గాని పొగమీద ఆరలేదు. మెట్టప్రాంతాలలో మాంసాన్ని సన్నగా చీల్చి, ఉప్పూ పసుపూ పట్టించి, దండెంమీద ఆరవేసి ఉప్పుకండ చేసుకొన్నారు. నిప్పుమీద మాంసం కాల్చే విద్య మనవారికి తెలియనిది కాదు. 12వ శతాబ్దిలో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసంలో మాంసఖండాలను చువ్వలకు గ్రుచ్చి నిప్పులమీద కాల్చే విధానం కలదు. అయితే అది అప్పటికప్పుడు తినే రాజభోగం. పేదవాని నిల్వసరకు ఎండుచేపయే.

ఆ ఎండుచేపకు ప్రాణం ఉప్పు. 1805లో ఈస్టిండియా కంపెనీవారు మద్రాసు రాజధానిలో ఉప్పును తమ గుత్తాధిపత్యం క్రిందికి తెచ్చుకొన్నారు. ఉప్పు ధర పెరిగేసరికి జాలరి చాలినంత ఉప్పు కొనలేక, చవిటిమన్నుతో చేపను ఊరవేయవలసి వచ్చినది. మన్ను కలిసిన చేప సరిగా నిలువదు. తిన్నవారికి రోగాలు తెస్తుంది. మత్స్యశాస్త్రవేత్త ఫ్రాన్సిస్ డే 1873లో వెలువరించిన నివేదికలో ఈ దుస్థితిని ప్రభుత్వం దృష్టికి తెచ్చినాడు. తరువాత సుంకం లేని ఉప్పును సరఫరాచేసే చేపల ఊరవేత కేంద్రాలు తీరంలో వెలసినవి. ఉప్పుపన్ను మాత్రం 1947 వరకు తొలగిపోలేదు. 1930లో మనవారు తీరం పొడవునా ఉప్పు వండి శాసనాన్ని ధిక్కరించినప్పుడు, ఆ గుప్పెడు ఉప్పులో జాలరి ఇంటి ఎండుచేప కూడ ఇమిడి ఉన్నది.

తీరం వదలి తూర్పు కనుమలు ఎక్కితే పరిస్థితి మారుతుంది. అక్కడ మంచు, వాన, చలి. ఎండను నమ్ముకొన్నవాడు మోసపోతాడు. కాబట్టి కొండయిండ్లలో పొయ్యియే నిల్వకు దిక్కు. విత్తనానికి ఉంచిన మొక్కజొన్న పొత్తులను పొయ్యిపైన వ్రేలాడదీస్తారు. నిత్యం తగిలే వేడీ పొగా వాటికి పురుగు పట్టనీయవు. ఆ కొండలలోనే అరకులోయ బొంగుకోడి పుట్టినది. 1960ల దశకంలో బైలదిల్లా ఇనుపఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి కొత్తవలస–కిరండూలు రైలుమార్గం వేసినారు. ఖనిజంకోసం వేసిన ఆ దారిలోనే యాత్రికులు అరకు చేరినారు. వారు తిని వచ్చి చెప్పగా బొంగుకోడి ఊరూరా తెలిసినది. 2022నుండి అరకులోయ అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నది గాని, ఆ వంటకం పేరు చెప్పగానే విశాఖయే నేటికీ గుర్తుకు వస్తుంది.

ఇక్కడ ఒక భ్రమను తొలగించవలసి ఉన్నది. బొంగుకోడి పొగబెట్టిన వంట కాదు. ఉప్పూ కారమూ పట్టించిన ముక్కలను పచ్చివెదురు బొంగులో కూరి, మూతిని ఆకులతో బిగించి, నిప్పులమీద దొర్లిస్తారు. వెదురులోని తేమ ఆవిరియై మాంసాన్ని ఉడికిస్తుంది. నూనెచుక్క అవసరం లేదు. పొగ బొంగు పైభాగాన్ని నల్లబరుస్తుందే గాని లోపలికి చొరబడదు. అది ఆవిరి చేసే వంట.

పొగరుచి కావలెనన్నవారు కొండలకు పోనక్కరలేదు. పెరటిలోని దాలిని గుర్తు చేసుకొంటే చాలును. పిడకల సన్నని సెగమీద మట్టికుండలో పాలు రోజంతా కాగి, ఎర్రని మీగడ కట్టేవి. ఆ పెరుగులో, ఆ నేతిలో ఒక చిరుపొగ వాసన తొణికేది. బాలెంత తలకు సాంబ్రాణి పొగ వేసేటప్పుడు నిప్పులమీద గంప బోర్లించేవారు. పొగను మూతక్రింద బంధిస్తేనే అది పట్టుతుందన్న సూత్రం ఆ గంపలో ఉన్నది. హైదరాబాదు వంటశాలలలో మాంసానికి బొగ్గుపొగ వేయడంలోనూ ఉన్నది అదే సూత్రం.

ఇంతవరకు పొగ గుణం చెప్పినాము. దాని దోషం కూడ చెప్పకపోతే చరిత్ర సగమే అవుతుంది. కట్టెలపొయ్యి ముందు ఊదుగొట్టం పట్టుకొని కూర్చున్న ఇల్లాలి కళ్లు ఎర్రబడినవి, ఊపిరితిత్తులు దెబ్బతిన్నవి. మగవారు భోజనంలో రుచిని మెచ్చుకొన్నారు. ఆ రుచికి వెల ఎవరు చెల్లించినదీ చాలామంది విచారించలేదు. విచారించినవారిలో హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలకు చెందిన ఎస్. పి. రాజుగారు ముఖ్యులు. వారు పొగను గొట్టం ద్వారా ఇంటి వెలుపలికి పంపే మట్టిపొయ్యిని రూపొందించి, 1953లో ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్’ అనే చిన్నపుస్తకం ప్రకటించినారు. ఎవరి ఇంటనైనా మట్టితో కట్టుకోగల పొయ్యి అది. ఆ తరువాత 1999లో ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం, 2016లో దేశమంతటా ఉజ్జ్వల పథకం పేద ఇండ్లకు వంటగ్యాసును చేర్చినవి. పొగ వంటయింటిని విడవడానికి ఇన్ని సంవత్సరాలు పట్టినది. దానిని మరల లోపలికి పిలిచేవారు అతిథిని పిలిచినట్లు పిలువవలెను. కొద్దిసేపు కూర్చుండబెట్టి, మర్యాదగా పంపివేయవలెను.

ఆ పద్ధతి ఇది. కోడి తొడలు ఎన్నుకోవడమే తెలివి. రొమ్ముమాంసం త్వరగా ఎండి పీచుబారుతుంది. తొడలో కొవ్వు ఉండుటచే సెగను ఓర్చుకొంటుంది. కిలో మాంసానికి సుమారు 15 గ్రాముల ఉప్పు, కొంచెం పసుపు, మిరియాలపొడి పట్టించి, రిఫ్రిజిరేటరులో అడుగుఅరలో నాలుగైదు గంటలు ఉంచవలెను. పచ్చిమాంసాన్ని కొళాయిక్రింద కడిగితే ఆ తుంపరలతో క్రిములు చుట్టూ చిందుతాయి. దానిని కోసిన కత్తినీ పలకనూ సబ్బుతో కడిగిన తరువాతనే కూరగాయలకు వాడవలెను. ఆపైన ముక్కలను గుడ్డతో తుడిచి ఆరనీయవలెను. తడిసిన చర్మంమీద పొగ చేదెక్కుతుంది. ఆరిన చర్మంమీద పరిమళిస్తుంది.

తరువాత మందపాటి మూకుడులో మూతపెట్టి, సన్నసెగమీద ముప్పావుగంట వరకు మగ్గనీయవలెను. ఎముకదగ్గర గ్రుచ్చినప్పుడు ఎర్రరసం రాకూడదు. ఉష్ణమాపకం ఉన్నవారు 74 డిగ్రీల సెంటిగ్రేడు దాటినదని చూచుకోవలెను. మాంసం పూర్తిగా ఉడికిన తరువాతనే పొగ. ఒక కట్టెబొగ్గు ముక్కను తెల్లని బూడిద తేరువరకు కాల్చి, చిన్న ఉక్కుగిన్నెలో వేసి, ముక్కల నడుమ ఉంచి, దానిమీద అరచెంచా నెయ్యి వదలి, వెంటనే మూత బిగించవలెను. బాగా కాలిన బొగ్గునుండి పొగ రాదు. బొగ్గు చేసినప్పుడే కట్టెలోని పొగ అంతా వెళ్లిపోయినది. మన ఉక్కు కర్మాగారంలో రాతిబొగ్గును గాలి తగలకుండా కాల్చి కోకుగా మార్చడమూ ఆ విధమైన క్రియయే. ఇక్కడ పరిమళించేది నెయ్యి. అయిదు నిమిషాలు మొదలు పది నిమిషాల వరకు చాలును. అంతకు మించితే చేదు.

కిటికీలు తెరచి ఉంచుట మరువరాదు. మూసిన గదిలో రగిలే బొగ్గు కంటికి కనపడని, వాసన లేని విషవాయువును విడుస్తుంది. నిండు ప్రాణం తీయగలదు. పని ముగియగానే బొగ్గును నీటిలో ఆర్పవలెను. మరొక మాట. ఈ పది నిమిషాల పొగ రుచికే గాని నిల్వకు కాదు. మిగిలిన ముక్కలను వెంటనే చల్లబరచి రిఫ్రిజిరేటరులో పెట్టి, రెండు మూడు రోజులలో ముగించవలెను. పొగబెట్టియు, ఊరవేసియు నిల్వచేసిన మాంసాలను నిత్యం తినుట క్యాన్సరుకు కారణం కాగలదని 2015లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ నిర్ధారించినది. కనుక ఈ పొగరుచి పండుగపూటకే తగినది.

ఉప్పు కొలత, తేమ ఆర్చుట, సెగ తగ్గించుట, మూత బిగించుట, ఈ నాలుగూ పాకశాస్త్రానికి ఓనమాలు. వీనిని జాలరి స్త్రీ ఇసుకమీద నేర్చినది, కొండజాతులవారు బొంగులో నేర్చినారు, మన అవ్వలు దాలి ఒద్ద నేర్చినారు. వారి విద్యను మనం పుచ్చుకొందాము. వారి కన్నీటిని మాత్రం ఎవరికీ మిగల్చకుండ చూద్దాము.