కడుపులోని సూక్ష్మజీవులు - కాన్సరు చికిత్స

విశాఖపట్నము ఉక్కు కర్మాగారమునకు చేరువలో, అగనంపూడిలో, టాటా స్మారక కేంద్రము వారి హోమీ భాభా కాన్సరు ఆసుపత్రి ఉన్నది. అటువంటి ఆసుపత్రికి రోగిని తీసుకొని వచ్చిన బంధువులు తప్పక అడిగేది పథ్యమును గురించి. పెరుగు పెట్టవచ్చునా, తరవాణి త్రాగవచ్చునా అన్న పాత ప్రశ్నలకు ఈనాడు క్రొత్తది ఒకటి తోడైనది. కడుపులోని మేలుచేసే సూక్ష్మజీవులు కాన్సరు మందుకు బలమిస్తాయని చదివి, దుకాణములో దొరికే ప్రోబయోటిక్ మాత్రలు వేయవచ్చునా అని అడిగేవారున్నారు. ఈ ప్రశ్న తేలికగా త్రోసివేయదగినది కాదు. దీనికి సమాధానము వెదకబోయిన మాకు ఒక తెలుగు వైద్యుని జీవితము దారి చూపినది.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరములో జన్మించినారు. ఆయన సోదరులు ఇద్దరు ఎనిమిది రోజుల వ్యవధిలో స్ప్రూ వ్యాధికి బలియైనారు. ఇది ఉష్ణదేశములలో కనిపించే ఒక విధమైన గ్రహణి. తిన్న ఆహారము ఒంటబట్టదు, విరేచనములు ఆగవు, రక్తము క్షీణిస్తుంది. అదే వ్యాధి సుబ్బారావు గారిని కూడ పట్టినది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో ఆయన బ్రతికి బయటపడినారు. మదరాసులో వైద్యము చదివి, అక్కడి ఆయుర్వేద కళాశాలలో బోధించి, పిమ్మట అమెరికాలోని హార్వర్డుకు వెళ్లినారు. 1940లో లెడర్లీ పరిశోధనశాలలో చేరినారు.

ఆ రోజులలో రక్తహీనతను పోగొట్టే ఒక అజ్ఞాత పోషక పదార్థమునకై అన్వేషణ సాగుతున్నది. దాని జాడ మన దేశములోనే కనబడినది. లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి గర్భిణీ స్త్రీల రక్తహీనత ఈస్టు సారముతో నయమగుటను 1931లో ప్రకటించినారు. అయితే అత్యల్పముగా దొరికే ఆ పదార్థమును కొలుచుట ఎట్లు? అందుకు త్రాసుగా ఉపకరించినది లాక్టోబాసిల్లస్ కేసీ అనే సూక్ష్మజీవి. అది పాలను పులియబెట్టే జాతిది. మన ఇంటి తోడులోని జీవులకు చుట్టము. ఆ పదార్థము లేనిచో అది పెరగదు. దొరికిన కొలదీ పెరుగుతుంది. ఈ విధముగా కొలిచి, కాలేయమునుండి వేరుచేసి, 1945లో సుబ్బారావు గారి బృందము దానిని కృత్రిమముగా తయారుచేసినది. అదే ఫోలిక్ ఆమ్లము. సోదరులను పొట్టన పెట్టుకొన్న స్ప్రూ వ్యాధికే అది మందు అయినది.

కథ అక్కడ ముగియలేదు. బోస్టనులో సిడ్నీ ఫార్బరు అనే వైద్యుడు రక్తకాన్సరు సోకిన పిల్లలకు ఫోలిక్ ఆమ్లపు జాతి మందులను ఇచ్చి చూచినారు. రక్తమునకు మేలుచేసేది రక్తరోగమునకు కూడ మేలుచేయునని ఆశ. కాని వ్యాధి తగ్గకపోగా వేగిరపడినట్లు ఆయనకు తోచినది. ఆయన ఆ వైఫల్యమును మరుగుపరచలేదు. పోషకము రోగమును పెంచినచో, దానికి విరోధి రోగమును తగ్గించవలెను గదా! సుబ్బారావు గారి బృందము అట్టి విరోధియైన అమినోప్టెరిన్‌ను అందించినది. 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందిలో మెరుగు కనబడినట్లు 1948లో ఫార్బరు ప్రకటించినారు. ఆ మెరుగు తాత్కాలికమే. అయినను అది నూతనాధ్యాయము. ఆ కోవకు చెందిన మెథోట్రెక్సేటును నేటికీ వాడుతున్నారు.

ఆ సంవత్సరములోనే, ఆగస్టులో, సుబ్బారావు గారు కన్నుమూసినారు. ఆయన ఆధ్వర్యమున సాగిన పరిశోధనలలో డగ్గరు అనే శాస్త్రజ్ఞుడు కనుగొన్న ఆరియోమైసిన్ కూడ 1948లోనే లోకమునకు వెల్లడియైనది. టెట్రాసైక్లిన్ వర్గములో అది మొదటిది. లెక్కలేనన్ని ప్రాణములను కాపాడిన ఇట్టి మందులు పగవారినేకాక, పేగులలోని మిత్రులను కూడ చంపుతాయి. ఈ నష్టము కాన్సరు చికిత్సకు కూడ సంబంధించినదని తెలియుటకు డెబ్బది ఏండ్లు పట్టినది.

మన రక్తములో టీ కణములనే కావలివారున్నారు. వారికి శరీరము కొన్ని కళ్లెములు వేసి ఉంచుతుంది. కాన్సరు ఆ కళ్లెములను చేజిక్కించుకొంటుంది. వాటిని సడలించే మార్గము చూపిన ఆలిసన్, హోంజో అనే శాస్త్రజ్ఞులకు 2018లో నోబెల్ బహుమానము లభించినది. కాని ఆ మందు అందరికీ పనిచేయదు. 2015లో పారిస్, చికాగో నగరముల పరిశోధకులు ఎలుకలలో దీనికి ఒక కారణము చూపినారు: మందు ఫలితము పేగులలోని సూక్ష్మజీవులనుబట్టి మారుతున్నది. 2018లో రోగులలోను ఇట్టి సంబంధమే కనబడినది; చికిత్స దరిదాపులలో యాంటీబయోటిక్‌లు వాడినవారిలో ఫలితము తగ్గినది. 2021లో, మందుకు లొంగని చర్మకాన్సరు రోగులు కొందరికి, మందు పనిచేసినవారి మలమునుండి సూక్ష్మజీవులను అందించగా, వారిలో కొందరికి మందు పనిచేయసాగినది.

అయినచో ప్రోబయోటిక్ మాత్ర వేసుకొనవచ్చును గదా అనిపించును. ఇక్కడనే ఫార్బరు అనుభవమును మనము జ్ఞాపకము చేసుకోవలెను. 2021లోనే వెలువడిన మరియొక పరిశోధనలో, పీచుగల ఆహారము ఎక్కువగా తిని, ప్రోబయోటిక్‌లు వాడని రోగులకు ఫలితము మెరుగుగా కనబడినది. దుకాణములో దొరికే ప్రోబయోటిక్‌లను ఎలుకలకు ఇచ్చినప్పుడు కాన్సరు మందు శక్తి తగ్గినది. కొన్ని ప్రత్యేక జాతులతో మేలు కనబడిన చిన్న పరీక్షలు లేకపోలేదు. కాని ఏ జాతి, ఏ రోగికి, ఏ మందుతో అన్నది తేలవలసి ఉన్నది. రక్తములో తెల్లకణములు తగ్గిన రోగికి సజీవమైన సూక్ష్మజీవులే కీడు చేయవచ్చును.

ఆకుకూరలు, పప్పులు, చిరుధాన్యములు మన వంటయింటిలో ఉన్నవే. జీర్ణశక్తి ఉన్నవారు వైద్యుని అనుమతితో తినవచ్చును. పెరుగును గురించి, మాత్రను గురించి, ఇంట మిగిలిన యాంటీబయోటిక్‌ను గురించి కూడ ఆయననే అడగవలెను. సుబ్బారావు గారు ఒక పాలజీవిని నమ్మి త్రాసుగా వాడుకొన్నారు. కాని అది పెరిగినదో లేదో ప్రతిసారి చూచి, కొలిచి మరీ నమ్మినారు. ఆ అలవాటే మనకును శ్రీరామరక్ష.