ల్యాప్‌టాపా, స్టాండలోనా? డీజే పెట్టె చరిత్ర, మన పాటల లెక్క



వారం రోజుల సంది గ్రూపులో ఒకటే ముచ్చట నడుస్తున్నది. ఉప్పల్, నాచారం హాస్టళ్లలో, రూముల్లో ఉండే మనోళ్లు ఆరుగురు కలిసి పైసలు వేసుకుని డీజే సెట్టు కొందామంటున్నరు. సేవాలాల్ జయంతి, తీజ్, ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం ఏది వచ్చినా బయటోళ్లకు కిరాయి కట్టుడే అయితున్నది. అదేదో మనమే నడుపుకుందాం, పెండ్లిళ్లకు పోతే ఖర్చులకు నాలుగు పైసలు కూడా వస్తయి అని వాళ్ల ఆలోచన. మంచి ఆలోచనే. కానీ ల్యాప్‌టాప్‌తో నడిచేది కొనాలా, ల్యాప్‌టాప్ లేకుండా నడిచే స్టాండలోన్ కొనాలా అన్న కాడ రెండు పార్టీలైనయి. ఒక పార్టీ "పెద్ద డీజేలు ల్యాప్‌టాప్ ముట్టరు" అంటది. ఇంకో పార్టీ "అంత పైసలు యాడికెళ్లి తెస్తవ్" అంటది.

నేను చదివేది హిస్టరీ. మెషీన్ల రివ్యూ రాయడం నా పని కాదు. ఈ రెండు రకాల పెట్టెలు ఎందుకు పుట్టినయి, ఎవరి అవసరానికి పుట్టినయి అనేది రాస్త. అది తెలిస్తే ఏది కొనాలో సగం తేలిపోతది.

కొత్తోళ్ల కోసం ముందు రెండు మాటలు. కంట్రోలర్ అంటే బటన్లు, తిరిగే రెండు ప్లేట్లు ఉన్న పెట్టె. దానికి సొంతంగా పాట వాయించే శక్తి ఉండది. యూఎస్‌బీ వైరుతో ల్యాప్‌టాప్‌కు కలపాలి. పాటలు, సాఫ్ట్‌వేర్ అన్నీ ల్యాప్‌టాప్‌లోనే ఉంటయి. స్టాండలోన్‌లో స్క్రీను, ప్రాసెసర్ లోపలే ఉంటయి. పెన్‌డ్రైవ్ పెట్టి, స్పీకర్లకు కలిపితే చాలు.

1. మైక్ సెట్టు నుంచి డీసీఎం దాకా

మన ఊర్లకు, తండాలకు, గూడేలకు ముందు వచ్చింది డీజే కాదు, మైక్ సెట్టు. చెట్టుకు కట్టిన ఇనుప హారన్, ఒక ఆహుజా యాంప్లిఫయర్, గ్రామఫోన్ రికార్డులు, ఆ తర్వాత క్యాసెట్లు. మైక్ సెట్టాయన పాటలు కలిపేటోడు కాదు. ఒకటి అయిపోయినంక ఇంకొకటి పెట్టేటోడు. రికార్డు మార్చే ఆ నడుమ మన నంగారా, డోలు, తుడుం మోగేవని పెద్దోళ్లు చెప్తరు. అంటే మెషీనుకు, మన వాయిద్యానికి ఇద్దరికీ జాగ ఉండె.

1980లలో క్యాసెట్ దేశమంతా పరుచుకున్నది. రికార్డు అచ్చు వేయాలంటే పెద్ద కంపెనీ కావాలి, క్యాసెట్ కాపీ చేయాలంటే రెండు డెక్కులు చాలు. అందుకే సినిమా పాట తప్ప వేరేది వినబడని కాడ చిన్న చిన్న భాషల పాటలు కూడా బజారుకు వచ్చినయి. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. వాయించే సామాను చౌక అయినప్పుడల్లా మనలాంటోళ్ల గొంతుకు కొంచెం దారి దొరికింది.

ఆ తర్వాత వచ్చింది ఇప్పుడు మనం చూసే డీసీఎం బండి. వెనక జనరేటర్, మీద పెద్ద పెద్ద బాక్సులు, లైట్లు. బోనాలు, గణేశ్ నిమజ్జనం, పెండ్లి బరాత్ ఏదైనా అదే. హైదరాబాద్‌లో "డీజే" అంటే ఇప్పుడు మనిషి కాదు, ఆ బండే.

ఇది మన దగ్గరే పుట్టిందనుకుంటం గానీ, 1950లలోనే జమైకా దేశంలో, కింగ్‌స్టన్ పట్నం పేద బస్తీల్లో ట్రక్కు మీద జనరేటర్, స్పీకర్లు, రికార్డు ప్లేయర్ ఎక్కించుకుని వీధుల్లో పాటలు పెట్టేటోళ్లు. దాన్ని సౌండ్ సిస్టమ్ అనేటోళ్లు. అక్కడ ఒక విచిత్రం ఉండె. తమ దగ్గరున్న మంచి పాట పేరు పోటీ వాళ్లకు తెలియకుండా రికార్డు మీది లేబుల్‌ను గీకేసేటోళ్లు. ఎందుకంటే స్పీకర్లు ఎవరైనా కొనుక్కుంటరు, ఆ పాట మాత్రం వాళ్ల దగ్గరే ఉన్నది. జనం దాని కోసమే వచ్చేది.

ఆ జమైకా నుంచి పన్నెండేండ్ల పిల్లగాడు ఒకడు 1967లో అమెరికా పోయిండు. పెద్దయినంక కూల్ హెర్క్ అనే పేరు పెట్టుకున్నడు. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ బిల్డింగులో వాళ్ల చెల్లె సిండీ ఒక పార్టీ పెట్టింది. బడి తెరిచే ముందు బట్టలు కొనుక్కోవడానికి పైసలు కావాలని పెట్టిన పార్టీ అది. హెర్క్ రెండు టర్న్‌టేబుళ్ల మీద ఒకే పాటలోని దరువు ముక్కను మళ్లీ మళ్లీ వాయించి జనాన్ని ఆడించిండు. హిప్‌హాప్ పుట్టింది ఆ రాత్రి అని చెప్తరు. చదువు ఖర్చుల కోసం సెట్టు పెట్టాలనుకున్నది మన ఆరుగురు మొదటిసారి కాదన్నట్టు!

2. ల్యాప్‌టాప్ ఎందుకొచ్చింది, మళ్లీ ఎందుకు పక్కకు పోయింది

ఆ కాలం సామానుకు రాజు టెక్నిక్స్ ఎస్ఎల్-1200 టర్న్‌టేబుల్, 1972లో వచ్చింది. బెల్టు లేకుండా మోటారే నేరుగా ప్లేటును తిప్పుతది కాబట్టి చేత్తో ఆపినా వదలగానే వేగం అందుకుంటది. కష్టం ఎక్కడంటే, రికార్డుల డబ్బాలు మోయాలి. తర్వాత పయనీర్ కంపెనీ 1994లో సీడీజే-500, 2001లో సీడీజే-1000 తెచ్చింది. డబ్బాలు పోయి సీడీల సంచి వచ్చింది.

2001-02 ప్రాంతంలో డచ్చు వాళ్లు తయారు చేసిన ఫైనల్ స్క్రాచ్, 2004లో న్యూజిలాండ్ కంపెనీ సెరాటో, అమెరికా కంపెనీ రేన్ కలిసి తెచ్చిన స్క్రాచ్ లైవ్ వచ్చినయి. వీటితో మామూలు రికార్డు ప్లేయర్ మీదనే ల్యాప్‌టాప్‌లోని పాటను చేత్తో తిప్పొచ్చు. 2003లో వర్చువల్ డీజే వచ్చింది, దానికి టర్న్‌టేబుల్ కూడా అక్కర్లేదు. మన పల్లెల్లో, బస్తీల్లో మొదటి డీజేలు నేర్చుకున్నది ఎక్కువగా దీని మీదనే. అంటే ల్యాప్‌టాప్ వచ్చింది మోత తగ్గించడానికి, ఖర్చు తగ్గించడానికి.

మరి స్టాండలోన్ ఎందుకు? క్లబ్బులో ఒక రాత్రి నలుగురు డీజేలు మారుతరు. ఒక్కొక్కడు ల్యాప్‌టాప్ తెచ్చి, వైర్లు పీకి, వైర్లు పెట్టి... నడుమ పాట ఆగితే క్లబ్బోడు ఊకోడు. అందుకే 2009లో సీడీజే-2000, దానితోపాటు రికార్డ్‌బాక్స్ సాఫ్ట్‌వేర్ వచ్చినయి. ఇంట్లో పాటలు సర్దుకుని, పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని పోవాలె. 2015లో ఎక్స్‌డీజే-ఆర్ఎక్స్ వచ్చి రెండు ప్లేయర్లు, మిక్సర్, స్క్రీను అన్నీ ఒకే పెట్టెలో పెట్టింది. 2019లో డెనాన్ ప్రైమ్ 4, 2020లో బ్యాటరీతో నడిచే ప్రైమ్ గో వచ్చినయి.

చూసిన్రా? ల్యాప్‌టాప్ సెట్టు పుట్టింది పైసలు తక్కువున్నోడి కోసం, ఒక్కడే తిరిగేటోడి కోసం. స్టాండలోన్ పుట్టింది మెషీను క్లబ్బుది, పెన్‌డ్రైవ్ డీజేది అనే లెక్క మీద. "పెద్ద డీజేలు ల్యాప్‌టాప్ ముట్టరు" అన్నది చాలావరకు నిజమే, కానీ ఆ పెద్ద డీజేలు చాలా చోట్ల ఆ మెషీను కొనుక్కుని మోసుకుపోరు. పోయిన కాడ అది ముందే ఉంటది.

3. ఉప్పల్ రోడ్డు మీద లెక్క

ఉప్పల్ మనకు తెల్వని జాగ కాదు. వరంగల్, జనగామ దిక్కు నుంచి వచ్చే బస్సు మనల్ని దించేది ఇక్కడనే. పక్కన ఉప్పల్, నాచారం, మల్లాపూర్ ఇండస్ట్రియల్ ఏరియాలు, ఇంకో పక్క క్రికెట్ స్టేడియం. స్టేడియంలో డీజేకు కరెంటు, నీడ, టేబుల్ అన్నీ ఉంటయి. మనం పని చేయబోయేది బయట, డీసీఎం మీద, ఫంక్షన్ హాల్ ముందట. అక్కడ ఏది నిలబడతది?

కరెంటు: జనరేటర్ ఒక్క క్షణం ఆగితే బ్యాటరీ లేని స్టాండలోన్ ఆఫ్ అయితది, మళ్లీ లేచేదాకా బరాత్ మొత్తం మన మొఖం చూస్తది. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది, చిన్న కంట్రోలర్ దాని నుంచే కరెంటు తీసుకుంటది. యాంప్లిఫయర్ లేవగానే పాట అక్కడ్నే నడుస్తుంటది. స్టాండలోన్ తీసుకుంటే చిన్న యూపీఎస్ కూడా లెక్కలో రాసుకోండి.

అదురు, దుమ్ము, ఎండ: ఇక్కడ ల్యాప్‌టాప్ ఓడిపోతది. బేస్ బాక్సు పక్కన పాత హార్డ్ డిస్క్ ఉన్న ల్యాప్‌టాప్ పెడితే ఆ అదురుకు డిస్క్ దెబ్బతినొచ్చు, ఎస్ఎస్‌డీ ఉండాలె. యూఎస్‌బీ వైరు వదులైతే అంతా బంద్. వాయించే ముందు ఇంటర్నెట్ తీసేయాలె, విండోస్ అప్‌డేట్ బరాత్ నడుమ రావద్దు.

సౌండ్ వైరు: డీడీజే-ఎఫ్ఎల్ఎక్స్4 లాంటి చిన్న కంట్రోలర్లకు ఆర్‌సీఏ అవుట్ మాత్రమే ఉంటది. జనరేటర్ పక్కన ఆ వైరు పొడుగ్గా లాగితే గుయ్యిమని సౌండ్ వస్తది. పెద్ద స్టాండలోన్లకు ఎక్స్ఎల్ఆర్ ఉంటది, దానికి ఆ బాధ తక్కువ. కంట్రోలరైతే మిక్సర్ దగ్గరనే పెట్టుకుని వైరు చిన్నగా ఉంచాలె.

ధర: అమెరికాలో విడుదలైనప్పుడు ఎఫ్ఎల్ఎక్స్4 ధర 299 డాలర్లు, ఎక్స్‌డీజే-ఆర్ఎక్స్3 ధర 1,999 డాలర్లు. ఆరేడింతల తేడా. పన్నులు కలిసి మన దగ్గర రేట్లు వేరే ఉంటయి, కొనే ముందు కనుక్కోండి. పైగా పయనీర్ స్టాండలోన్ కొన్నా పాటలు సరిగ్గా సర్దుకోవాలంటే ఇంట్లో ల్యాప్‌టాప్ కావాల్సిందే. అంటే స్టాండలోన్ కొన్నోడికి ల్యాప్‌టాప్ ఖర్చు తప్పలేదు.

చట్టం: ఇది ఏ పెట్టె కొన్నా ఒకటే. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇండ్లుండే చోట పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు. నాచారం కంపెనీల వైపు లాంటి ఇండస్ట్రియల్ ఏరియాలో పగలు 75, రాత్రి 70. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట లౌడ్ స్పీకర్ పెట్టొద్దు. 2024 అక్టోబర్ మొదట్లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించిన్రు. అప్పుడు ఉప్పల్, నాచారం రాచకొండ కమిషనరేట్ కింద ఉండె, కానీ గాలి ఎటు వీస్తున్నదో అర్థమైతున్నది గదా. "బాక్సులు ఎక్కువ, సౌండ్ ఎక్కువ" అన్న బేరం ఎక్కువ రోజులు నడవది. అప్పు చేసి పెద్ద సెట్టు కొంటే, బండి పోలీస్ స్టేషన్ ముందట నిలబడ్డ రోజు కూడా వడ్డీ నడుస్తనే ఉంటది.

4. అసలు ముచ్చట: పెట్టెలో ఏముంది?

ఇప్పుడు జమైకా వాళ్ల గీకిన లేబుల్ గుర్తు తెచ్చుకోండి. ఉప్పల్‌లో డీజే సెట్లకు కరువు లేదు. మనం అదే సినిమా రీమిక్సులు వాయిస్తే వాళ్లలో ఇంకొకరం అయితం. వాళ్ల దగ్గర లేనిది మన దగ్గర ఏముంది? గోర్ బోలి పాటలు, థింసా దరువు, కోయ డోలు.

అయితే అవి ఉన్నయా? మర్లవాయికి చెందిన గుస్సాడీ గురువు కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. సమ్మక్క సారలమ్మ కథను కంచుమేళంతో పాడిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో వచ్చింది. ఇద్దరూ 2024లోనే పోయిన్రు, ఒకరు జూన్‌లో, ఇంకొకరు అక్టోబర్‌లో. పద్మశ్రీ వచ్చినోళ్లను కెమెరాలు పట్టుకున్నయి. పద్మశ్రీ రాని మన అవ్వలు, తాతలు తండాకు నలుగురు, గూడేనికి ఇద్దరు ఉన్నరు. వాళ్ల పాట ఏ ఫోల్డర్‌లో ఉంది? 1940లలో హైమండార్ఫ్ మర్లవాయిలో ఉండి గోండు పెద్దల ఫోటోలు, ఫిల్ములు తీసిండు, అవి ఇప్పుడు లండన్‌లో సోయాస్ దగ్గర ఉన్నయి. మన పెద్దలను చూడాలంటే మనం లండన్ వైపు చూడాలె. పాట విషయంలో మళ్లీ అదే కావద్దు.

ఇక్కడే ల్యాప్‌టాప్ గెలుస్తది. స్టాండలోన్ ఉన్న పాటను వాయిస్తది. ల్యాప్‌టాప్ అయితే పాటను రికార్డు చేస్తది, ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో శుభ్రం చేస్తది, వాయిస్తది కూడా. ఇంకొకటి, అవ్వ పాట గడియారం ప్రకారం నడవది. ఊపిరిని బట్టి వేగం పెరుగుతది, తగ్గుతది. ఆటోమేటిక్‌గా బీటు లెక్కకట్టే మెషీన్ అక్కడ తడబడతది. బీటు గీతలను చేత్తో ఒక్కొక్కటి సర్దాలె, ఆ పని పెద్ద స్క్రీను మీద కూర్చుని చేసేది. 2020లో వర్చువల్ డీజే పాటలోంచి గొంతును, దరువును అప్పటికప్పుడు విడగొట్టే సౌకర్యం తెచ్చింది. తాత గొంతు కింద నంగారా కలపాలంటే ఇది పనికొస్తది. కలిపే ముందు తాతను అడగాలె. పూజ పాటలు, చావు పాటలు బరాత్‌కు కావు.

5. నా లెక్క

ఆరుగురు కలిసి చిన్న కంట్రోలర్ తీసుకోండి. ఎస్ఎస్‌డీ ఉన్న పాత ల్యాప్‌టాప్ ఒకటి దానికే విడిగా పెట్టండి. ఎవరి చదువుకునే ల్యాప్‌టాప్ కూడా డీసీఎం ఎక్కొద్దు, సెమిస్టర్ ముందు అది పోతే ఇంట్లో ఇంకొకటి కొనే స్థోమత మనలో ఎవరికీ లేదు. బాక్సులు, బండి కిరాయికి తీసుకోండి. స్కాలర్‌షిప్ పైసలు, ఫైనాన్స్ అప్పు దీంట్లో పెట్టొద్దు. బండి మీద మన వాయిద్యగాళ్లలో ఒక్కరికైనా చోటు, కూలి రెండూ ఉండాలె. వాళ్లు వాయించేటప్పుడు డీజే ఆపాలె, మైక్ సెట్టు కాలం లెక్క.

పాటలన్నీ రెండు పెన్‌డ్రైవ్‌లలో కూడా పెట్టండి. ఎఫ్ఏటీ32లో ఫార్మాట్ చేస్తే పాత, కొత్త స్టాండలోన్లు చదువుతయి, ఎన్‌టీఎఫ్ఎస్ అయితే పయనీర్ వాటిలో నడవది. ఏ హాల్లో స్టాండలోన్ ఉన్నా మన పెన్‌డ్రైవ్ పెట్టి వాయించొచ్చు. స్టాండలోన్ కొనే రోజు వస్తే రానీ, ఫోల్డర్ అప్పటికే తయారుగ ఉంటది.

చివరగా ఒక పని. ఈ దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు ప్రతి ఒక్కరు ఒక్క పాట ఫోన్‌లో రికార్డు చేసి తెండి. ఫ్యాను బంద్ చేసి, ఫోన్ దగ్గర పెట్టి తీస్తే చాలు. ఫైలు పేరులో పాడినోళ్ల పేరు, ఊరు, సంవత్సరం రాయండి. మన దగ్గర లేబుల్ గీకేది లేదు. పాడినోళ్ల పేరు ఉండాల్సిందే. ఉప్పల్‌కు తిరిగొచ్చినంక ఆదివారం కూర్చుని అన్నీ ఒక్క చోట సర్దుదాం. వచ్చేటోళ్లు కింద పేరు, ఊరు రాయండి.