ఎముకలో వ్రాసిన జాతకం

నేను బడిపంతులుగా చేరిన తొలినాళ్ళలో పల్లెల్లో పుట్టినతేదీ కాగితాలు అరుదు. పిల్లవాణ్ణి బడిలో చేర్చడానికి తీసుకువస్తే, కుడిచేతిని తల మీదుగా పోనిచ్చి ఎడమచెవిని అందుకోమనేవాళ్ళం. అందితే అయిదేళ్ళు నిండినట్లు, అందకపోతే మరుసటి ఏడు రమ్మనడం. తిండి చాలక గిడసబారిన పిల్లలు వయసుండీ ఆ పరీక్షలో ఓడిపోయేవారు. అలా నేను వెనక్కి పంపిన ఒక పిల్లవాడు మళ్ళీ బడి ముఖం చూడలేదు. దేహం కొలత వేరు, వయసు వేరు అన్న సంగతి నాకానాడు తట్టలేదు. ఈమధ్య రాక్షసబల్లుల గురించి చదువుతుంటే ఆ పిల్లవాడు గుర్తుకు వచ్చాడు. సరిగ్గా ఇదే చిక్కు ఆ శాస్త్రంలోనూ చాలాకాలం నలిగింది మరి.

1895లో ట్రాన్సిల్వేనియాలో ఇలోనా నోప్చా అనే జమీందారు బిడ్డకు తమ ఎస్టేటులో కొన్ని ఎముకలు దొరికాయి. ఆ ప్రాంతం అప్పుడు ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ఉండేది, ఇప్పుడు రుమేనియాలో ఉంది. ఆమె అన్న ఫ్రాన్స్ నోప్చా వాటిని వియన్నాలో ఎడ్వర్డ్ స్యూస్ అనే భూగర్భశాస్త్ర ఆచార్యుడికి చూపించాడు. నీవే చదివి తేల్చుకోమన్నారాయన. కుర్రవాడు ఆ మాటను గురూపదేశంగా స్వీకరించి, 1899 నాటికి, అంటే ఇరవై రెండేళ్ళకే, ఆ ఎముకలపై శాస్త్రవ్యాసం ప్రకటించాడు.

అక్కడి హాట్సెగ్ లోయలో దొరికిన జంతువులు తక్కినచోట్ల తమ జ్ఞాతులకంటే బాగా చిన్నవి. మాగ్యరోసారస్ అని నేడు పిలిచే పొడవుమెడ శాకాహారి పొడవు సుమారు 6 మీటర్లే. దాని బంధువర్గంలో ఇరవై మీటర్లకు మించినవి ఉన్నాయి. దాదాపు 7 కోట్ల ఏళ్ళనాడు ఆ ప్రాంతం సముద్రం నడుమ దీవి అనీ, దీవిలో మేత, చోటు కరువై తరతరాలుగా జంతువులు మరుగుజ్జులయ్యాయనీ 1914లో నోప్చా ప్రతిపాదించాడు. ఊహ బాగుంది. కానీ అవి మరుగుజ్జు పెద్దలేనా, పెద్ద జాతికి చెందిన పసికూనలు కావని నమ్మకమేమిటి? కొలతబద్దతో దీనికి జవాబు దొరకదు.

జవాబు ఎముక లోపల ఉంది. ఎముకను అడ్డంగా కోసి, వెలుతురు దూరేటంత పలుచగా అరగదీసి సూక్ష్మదర్శిని కింద పెడతారు. పెరిగే ఎముక పైపైన పొరలు వేసుకుంటూ పోతుంది. గడ్డుకాలంలో పెరుగుదల ఆగితే అక్కడొక గీత మిగులుతుంది, చెట్టు మానులోని వలయం లాగా. గీతల మధ్య ఎడం ఎక్కువైతే ఆ ఏడు బాగా ఎదిగినట్లు. అంచున గీతలు ఒకదానినొకటి ఆనుకొని వచ్చాయంటే ఎదుగుదల ముగిసినట్లు. అయితే లోపల మూలుగ గొట్టం వెడల్పవుతూ బాల్యపు గీతలను తినేస్తుంది. వయసు మీరేకొద్దీ పాత ఎముకను తొలుచుకుంటూ కొత్త ఎముక పుడుతుంది. కొట్టివేతలు, దిద్దుబాట్లు నిండిన తాళపత్రాన్ని చదవడమే ఇది.

నోప్చాకు ఈ దారి తెలుసు. బాతుమూతి రాక్షసబల్లుల పిల్లల పక్కటెముకలను, సగం ఎదిగిన వాటి పక్కటెముకలను సూక్ష్మదర్శినిలో పోల్చి, హైడ్‌సీక్ అనే సహరచయితతో 1933లో వ్యాసం ప్రకటించాడు. ఆ యేడే ఆయన జీవితం విషాదాంతమైంది. ఆయన మరుగుజ్జుల తీర్పు మాత్రం 2010 దాకా ఆగింది. ఆ యేట కోయెన్ స్టైన్ బృందం మాగ్యరోసారస్ ఎముకలు కోసి చూసింది. లెక్కపెట్టడానికి గీతలు దొరకలేదు. తొలి ఎముక దాదాపు అంతా తుడిచిపెట్టుకుపోయి, ఆ స్థానంలో మారు ఎముక నిండి ఉంది. అతిచిన్న ఎముకల్లోనూ అదే తీరు. పసికూనల్లో అంత దిద్దుబాటు ఉండదు. కనుక అవి పెద్దవే. నోప్చా మాట నెగ్గింది. అయితే 2025లో అదే లోయ నుంచి ఉరియాష్ అనే పెద్ద జంతువునూ గుర్తించి పేరుపెట్టారు. ఆ దీవిలో అన్నీ మరుగుజ్జులే కావన్నమాట.

ఈ విద్య వ్యాపించాక పెద్ద పెద్ద లెక్కలే వచ్చాయి. అమెరికాలో దొరికిన 'స్యూ' అనే టిరానోసారస్ 28 ఏళ్ళకు చనిపోయిందని, యౌవనంలో ఆ జాతి రోజుకు రెండు కిలోలకు పైగా బరువు పెరిగేదని 2004లో గ్రెగరీ ఎరిక్సన్ బృందం అంచనా వేసింది. ఈ లెక్కలన్నిటికీ ఆధారం ఒక్కటే: ఏడాదికి ఒక గీత.

ఆ ఆధారాన్ని పరీక్షించాలంటే బ్రతికున్న బంధువులనే అడగాలి. పక్షులలో చాలావరకు ఏడాది లోపలే ఎదిగిపోతాయి గనుక వాటిలో గీతలు అరుదు; నెమ్మదిగా ఎదిగే కివిలో కనిపిస్తాయి. ఇక మొసలి. దక్షిణాఫ్రికాలో అనసూయ చిన్సామీ, మరియా పెరేరా పెంపకంలోని నైలు మొసలి పిల్లలకు ఎముకలో నిలిచి మెరిసే రంగుమందు వేళ తప్పకుండా ఇచ్చి, ఏ పొర ఎప్పుడు పడిందో గుర్తు పట్టారు. 2025లో ప్రకటించిన ఫలితం ఇది: రెండేళ్ళ పిల్లల్లో రెండుకంటే ఎక్కువ గీతలున్నాయి. గీతలు మాత్రమే లెక్కబెడితే వయసు ఎక్కువగా తేలే ప్రమాదం ఉందన్నమాట. కొలతబద్ద మోసగిస్తుందని ఎముకను ఆశ్రయించాం. ఆ ఎముకనూ గుడ్డిగా నమ్మరాదని మొసలి పిల్ల చెప్పింది.

దీనితో ఆ శాస్త్రం చిన్నబోదని నా అభిప్రాయం. తన కొలమానాన్ని తానే అనుమానించి, పరీక్షకు నిలబెట్టగలిగింది గనుకనే దాని మీద గౌరవం పెరిగింది. మా చెవి పరీక్షను మేమెవ్వరమూ అలా అనుమానించలేదు. చేయి అందిందా లేదా అని చూశామే తప్ప, పాలపళ్ళు ఊడాయా అని నోరైనా తెరిపించి చూడలేదు. తల్లిని కూర్చోబెట్టి, ఏ పండగకు, ఏ వాన ఏడు పుట్టాడమ్మా అని అడిగినా సరిపోయేది.