అల్‌జబ్ర్ గ్రంథం - వారసుల వాటా

పదవ తరగతిలో మన పిల్లలు అభ్యసించే వర్గ సమీకరణాలకు, దివ్యఖుర్‌ఆన్ నిర్ణయించిన వారసత్వ వాటాలకు ఒకే గ్రంథంలో చోటు దొరికిన చరిత్ర ఒకటుంది.

బాగ్దాదులో ఖలీఫా మామూన్ (813-833) పాలనాకాలంలో ముహమ్మద్ బిన్ మూసా అల్‌ఖ్వారిజ్మీ 'అల్‌జబ్ర్ వల్ ముఖాబలా' గ్రంథాన్ని రచించారు. వారసత్వం, వసీయతు, పంపకం, వ్యాజ్యం, వ్యాపారం, భూముల కొలత, కాలువల తవ్వకం, వీటిలో ప్రజలకు అవసరమయ్యే లెక్క కోసమే రాస్తున్నానని పీఠికలో తెలిపారు. తెలియని రాశిని 'జజ్ర్' అన్నారు, అంటే వేరు. దాని వర్గాన్ని 'మాల్' అన్నారు. మాల్ అంటే సొత్తు అని మనకు వేరే చెప్పనక్కరలేదు.

ఆయన లెక్కలలో ప్రసిద్ధమైనది ఇది: ఒక మాల్‌కు దాని జజ్ర్‌లు పది కలిపితే 39, ఆ జజ్ర్ ఎంత? దీనిని ఆయన పటం గీసి నిరూపించారు. నాలుగు వైపులా సమానమైన పొలం ఒకటి ఊహించండి. పదిలో సగం 5. రెండు పక్కల 5 వెడల్పున చెరొక పట్టీ చేర్చితే మొత్తం వైశాల్యం 39 అవుతుంది. కానీ ఒక మూల వెలితి పడుతుంది. అది 5 ఇంటూ 5, అంటే 25. దానిని పూడ్చితే 64 వైశాల్యం గల పెద్ద చతురస్రం ఏర్పడుతుంది, దాని భుజం 8. అందులోనుంచి 5 తీసివేస్తే జజ్ర్ 3. సరిచూడండి: 9కి 30 కలిపితే 39.

జబ్ర్ అనే మాటకు విరిగిన ఎముకను కట్టి సరిచేయడమనే అర్థం ఉంది. ఆయన ఆ పేరు పెట్టింది మూల పూడ్చడానికి కాదు. ఒకవైపు తీసివేతగా ఉన్న రాశిని రెండు వైపులా కలిపి భర్తీ చేయడానికి. రెండు సజ్దాల నడుమ దుఆలో 'వజ్‌బుర్నీ' అని మనం వేడుకునేదీ ఆ ధాతువుతోనే.

ఈ విద్య ఆయనతోనే మొదలు కాలేదు. 628లోనే బ్రహ్మగుప్తుడు వర్గ సమీకరణానికి సూత్రం చెప్పాడు. భారతీయ అంకెలపై ఖ్వారిజ్మీ ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశారు. తొమ్మిదవ శతాబ్దంలోనే మహావీరాచార్యుడు రచించిన గణితసార సంగ్రహాన్ని తరువాత పావులూరి మల్లన తెలుగు చేశాడు. మన కేసముద్రం నిజాం ఏలుబడిలో ఉన్న రోజులలో ఉర్దూ చదువులలో బీజగణితం పేరు జబ్ర్-ఓ-ముఖాబలా. 1917లో హైదరాబాదులో ఏర్పడిన దారుల్ తర్జుమా ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం పాఠ్యగ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది.

ఆ గ్రంథంలో దాదాపు సగం వసీయతుల, వారసత్వాల లెక్కలే. లోకం సమీకరణాలను దాచుకుని ఆ సగాన్ని మరిచింది. నిజానికి ఆ లెక్కలకు సాధారణంగా వర్గ సమీకరణం కూడా అక్కరలేదు.

ఒక రైతు భార్యను, ఒక కుమారుణ్ణి, ఇద్దరు కుమార్తెలను మాత్రమే వారసులుగా విడిచి మరణించాడనుకుందాం. అప్పులు, వసీయతు తీరాక మిగిలింది 32 గుంటలు. అన్నిసా సూరా 11, 12 ఆయతుల ప్రకారం భార్యకు ఎనిమిదో వంతు, 4 గుంటలు. మిగిలిన 28లో కుమారునికి 14, కుమార్తెలకు తలా 7. పెళ్ళికి ఖర్చు పెట్టాం కదా అని మనం కాగితం మీదికి రానివ్వనిది ఆ 7 గుంటలనే.