కొయ్యకు మెరుగు: గుడ్డముద్ద నుండి తుంపర గన్ను వరకు

చెట్టు నరికి పలకలు కోసిన తరువాత కూడ కొయ్యలో కదలిక ఆగదు. వానకాలమున అది గాలిలోని తేమను పీల్చి ఉబ్బును. వేసవిలో ఆ తేమను విడిచి కుంచించుకొనును. తలుపులు బిగుసుకొనుటకును, బల్లలు పగులుటకును ఇదియే కారణము. కొయ్యపై పలుచని పొరను కప్పి తేమ రాకపోకలను మందగింపజేయుట మెరుగు పెట్టుటలోని మొదటి ప్రయోజనము. అందము రెండవది. ఈ పొర మందము ఇంచుమించు తలవెండ్రుక మందము మాత్రమే. అంత పలుచని పొరను ఎగుడుదిగుడులు లేకుండ పరచుట చేతికి అలవడవలసిన విద్య. ఈ విద్యను పూర్వులు ఎట్లు నేర్చిరి? యంత్రము వచ్చిన తరువాత ఆ చేతినేర్పు ఏమయ్యెను?

పురుగు ఇచ్చిన పదార్థము

మన దేశమున కొయ్యమెరుగునకు ప్రధానమైన పదార్థము లక్క. మోదుగ, రేగు మొదలగు చెట్ల కొమ్మలపై గుంపులుగా బ్రదుకు ఒక చిన్న పురుగు చెట్టురసమును పీల్చి, తన శరీరముచుట్టు జిగురువంటి పదార్థమును స్రవించి గూడు కట్టుకొనును. దానిని గీకి తీసి, కడిగి, కరగించి, వడగట్టి పలుచని రేకులుగా సాగదీయుదురు. లక్క నీటిలో కరగదు, సారాయములో కరగును. వేడిచేసిన మెత్తబడును. ఈ రెండు గుణముల నుండి రెండు పనివిధానములు పుట్టినవి.

వేడితో పనిచేయు విధానమును అనకాపల్లి జిల్లాలో వరాహనది ఒడ్డుననున్న ఏటికొప్పాకలో నేటికిని చూడవచ్చును. అక్కడి పనివారు అంకుడు కొయ్యను తరిణెపై త్రిప్పుచు, రంగు కలిపిన లక్కకడ్డీని దానికి అదిమి పట్టుదురు. రాపిడివలన పుట్టిన వేడికి లక్క కరగి కొయ్యకు అంటుకొనును. పిమ్మట మొగలి ఆకుతో రుద్ది నిగ్గు తెత్తురు. ఇక్కడ ఉష్ణమాపకము లేదు. ఎక్కువ అదిమిన లక్క మాడును. తక్కువ అదిమిన అంటదు. ఎంత అదుమవలెనో అరచేతికి తెలియవలెను.

పుస్తకము చెప్పగలిగినది, చెప్పలేనిది

17వ శతాబ్దిలో జపాను, చైనా దేశముల నల్లని నిగ్గుపెట్టెలు ఐరోపాకు చేరి అక్కడి ధనికులను ఆకర్షించెను. ఆ నిగ్గు ఒక చెట్టుపాలతో వచ్చినది. ఆ పాలు ఐరోపాలో దొరకవు. కావున అక్కడి పనివారు భారతదేశపు లక్కను సారాయములో కరగించి దానిని అనుకరింపజూచిరి. 1688లో జాన్ స్టాకర్, జార్జి పార్కర్ అను ఇరువురు ఆక్స్‌ఫర్డులో ఈ పనిని గూర్చి ఒక గ్రంథము ప్రకటించిరి. దానిలో వార్నిషులు తయారుచేయు పద్ధతులు, పూతల క్రమము, అనుకరించుటకు బొమ్మలు కలవు. అంతవరకు గురువు నుండి శిష్యునికి మాత్రమే అందిన విద్య అచ్చులోనికి వచ్చుట గొప్ప విశేషమే.

అయినను ఏ గ్రంథమునకైనను ఒక హద్దు కలదు. 19వ శతాబ్ది ఆరంభమున వ్యాపించిన ఫ్రెంచి పాలిషు పద్ధతిని చూచిన ఈ సంగతి తెలియును. దూదిని మెత్తని గుడ్డలో చుట్టి ముద్దగా చేసి, లక్క ద్రావణముతో తడిపి, కొయ్యపై సున్నలుగాను, ఎనిమిది అంకెలుగాను త్రిప్పుదురు. సారాయము నిమిషములలో ఆవిరియైపోయి లక్క మిగులును. ఇట్లు ఎన్నియో పొరలు పడవలెను. ముద్దను ఒక్క క్షణము నిలిపినను, దానిలోని సారాయము క్రింది పొరను కరగించి గుడ్డ గుర్తును అచ్చు వేయును. అది జారుటకు చుక్క నూనె వేయుదురు. నూనె మిగిలినచో కొన్నాళ్ళకు నిగ్గు మసకబారును. "ముద్ద ఆగరాదు" అని పుస్తకములో ఒక పంక్తి వ్రాయవచ్చును. ఆగకుండుట మాత్రము చేయి నేర్వవలసినదే. పలకలు పాడుచేసిగాని ఎవరును దీనిని నేర్వలేదు.

గొంతుమందు నుండి గన్ను

అమెరికాలోని టొలీడో నగరమున అలెన్ డివిల్బిస్ అను వైద్యుడు ఉండెను. ఆయన 1880ల దశకము చివర రోగుల గొంతులో మందును చల్లుటకు ఒక చిన్న తుంపరపరికరమును తయారుచేసెను. అదే కాలమున చికాగో నగరమున జోసెఫ్ బింక్స్ అనునతడు గోడలకు సున్నము కొట్టుటకు చేతిపంపుతో నడచు యంత్రమును కల్పించెను. 1893లో చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనశాలల భవనములకు వెల్లవేయుటలో అట్టి యంత్రములు ఉపయోగపడెను. వైద్యుని కుమారుడగు థామస్ డివిల్బిస్ 1907 ప్రాంతమున తండ్రి పరికరమును పూతపనికి అనువుగా మార్చెను. గొంతుమందు చల్లిన సూత్రమే వార్నిషు చల్లుటకు పనికివచ్చెను.

ఆ సూత్రము తరగతిగదిలో చూపదగినది. నీటిలో నిలిపిన సన్నని గొట్టముపై అడ్డముగా రెండవ గొట్టముతో బలముగా ఊదినచో, వేగముగా పోవు గాలి ఆ మూతివద్ద పీడనమును తగ్గించును. నీటిపై నున్న వాతావరణ పీడనము నీటిని గొట్టములో పైకి నెట్టును. పైకి వచ్చిన నీటిని గాలిధార చీల్చి తుంపరలు చేయును. క్రింద గిన్నె వ్రేలాడు స్ప్రే గన్నులో జరుగునదియు ఇదే.

గన్ను, లక్కర్: ఒకదానికొకటి తోడు

గన్ను పుట్టగానే కొయ్యపని మారలేదు. దానికి తగిన ద్రవము కావలసివచ్చెను. అవిసెనూనెతో చేసిన వార్నిషు గాలిలోని ప్రాణవాయువుతో కలిసి గట్టిపడవలెను. ఒక్కొక్క పూతకు ఒకటి రెండు దినములైనను పట్టును. కారులకు పూతలన్నియు ముగియుటకు వారములు పట్టుచుండెను.

ఇక్కడ ఒక ప్రేలుడుపదార్థము రంగములోనికి వచ్చెను. 1846లో బాసెల్ నగరపు రసాయనశాస్త్రజ్ఞుడు షోన్‌బైన్ దూదిపై నత్రికామ్ల, గంధకామ్లముల చర్యవలన ఏర్పడు నైట్రోసెల్యులోజును ప్రకటించెను. దానిని ద్రావణులలో కరగించి ఆరబెట్టిన గట్టి పొర ఏర్పడును. కాని దాని పొడవైన అణుమాలలవలన ద్రావణము తేనెవలె చిక్కగా ఉండును. చల్లుటకు వీలగునట్లు పలుచన చేసినచో, ఆరిన తరువాత మిగులు పొర మరీ పలుచనగును. ఆ మాలలను కొంత పొట్టిచేసి స్నిగ్ధతను తగ్గించు మార్గమును మొదటి ప్రపంచ యుద్ధానంతరము డుపాంట్ సంస్థ రసాయనశాస్త్రజ్ఞులు కనుగొనిరి. 1923లో "డ్యూకో" పేరుతో ఈ లక్కర్ వెలువడెను. 1924 నాటి ఓక్లండు కార్లపై దీనిని వాడిరి. వారముల పని గంటలకు దిగెను. కొలది ఏండ్లలోనే కుర్చీలు, బల్లలు చేయు కార్మాగారములును దీనిని చేపట్టెను.

ఈ లక్కర్ కుంచెకు సులభముగా లొంగదు. కుంచె రెండవమారు తిరుగునప్పటికే మొదటి గీత ఆరిపోవును. లేదా క్రొత్త పూతలోని ద్రావణి పాతపొరను మెత్తబరచి పైకి లాగును. తాకకుండ పూయగల గన్నే దీనికి తగిన పనిముట్టు.

చేయి మరల నేర్చిన పాఠము

గన్ను వచ్చినది, ఇక నేర్పుతో పనిలేదు అని తలచుట పొరపాటు. గన్నును పలకకు ఆరు నుండి ఎనిమిది అంగుళముల దూరమున, నిలువుగా పట్టి, సమవేగముతో సరళరేఖగా నడపవలెను. మణికట్టు త్రిప్పినచో మార్గము విల్లువలె వంగి, నడుమ దళసరిగాను, కొనలలో పలుచగాను పడును. పలక అంచునకు ముందే మీట నొక్కి, అంచు దాటిన తరువాత విడువవలెను. ప్రతి వరుస ముందటి వరుసను సగము కప్పవలెను. దగ్గరకు పోయిన పూత కారును. దూరమైన తుంపరలు దారిలోనే ఆరి ఇసుకవలె గరుకుగా పడును.

మన కోస్తా జిల్లాలలో వానకాలమున మరియొక చిక్కు కలదు. ద్రావణి త్వరగా ఆవిరియగునప్పుడు పూత చల్లబడును. గాలిలోని తేమ దానిపై మంచువలె పడి, పొర పాలవలె తెల్లబారును. మెల్లగా ఆవిరియగు ద్రావణిని కొంచెము కలుపుట, లేదా పొడివాతావరణమునకై వేచియుండుట దీనికి మార్గము.

వేగమునకు మూల్యము

త్వరగా ఆరుట అనగా ద్రావణి త్వరగా గాలిలో కలియుట. ఆనాటి లక్కరులలో బెంజీను కూడ ఉండెడిది. అది ఎముకమజ్జను చెరచుననియు, రక్తక్యాన్సరునకు కారణమగుననియు తరువాత స్థిరపడెను. ఆవిరికి నిప్పురవ్వ తోడైన ప్రమాదము వేరే చెప్పనక్కరలేదు. పైగా పాతరకపు గన్ను చల్లిన పదార్థములో తరచు సగమైనను కొయ్యకు చేరదు. మిగిలినది పనివాని ఊపిరిలోనికిని, ఊరి గాలిలోనికిని పోవును.

1980ల దశకము చివర నుండి దక్షిణ కాలిఫోర్నియా వాయు పరిశుభ్రతా నిబంధనలు, చల్లినదానిలో నూటికి 65 పాళ్ళైనను వస్తువుపై నిలువవలెనని కోరెను. అందుచేత ఎక్కువ గాలితోను, తక్కువ పీడనముతోను పనిచేయు గన్నులు వ్యాపించెను. వీనిలో గాలిమూతివద్ద పీడనము చదరపు అంగుళమునకు 10 పౌనులు మించదు. అయినను ఒకే గన్ను ఇద్దరి చేతులలో ఒకే ఫలితము నీయదు. దూరమును పెంచినచో మంచి గన్నుకూడ ఎక్కువ వృథాచేయును. అందుకే అమెరికాలోని ఉత్తర అయోవా విశ్వవిద్యాలయమున వ్యర్థపదార్థములను తగ్గించుటకై ఏర్పడిన కేంద్రము, స్ప్రే పనివారికి చేతిశిక్షణ నిచ్చుటను తన కార్యక్రమములో చేర్చెను. వృథాను తగ్గించుటలో యంత్రమును మార్చుట ఎంత ముఖ్యమో, చేతిని దిద్దుటయు అంతే ముఖ్యము.

కావున పనిశాలలో విద్యార్థి మొదటి పలకపై పూత కార్చినపుడు ఉపాధ్యాయుడు దానిని పారవేయనక్కరలేదు. ఆ పలకను గోడకు తగిలించి, గన్ను ఎంత దగ్గరకు పోయెనో, చేయి ఎక్కడ ఆగెనో అతని చేతనే చెప్పించవలెను. ముఖమునకు తగిన శ్వాసకవచము, గదిలో గాలిని బయటికి పంపు పంకా ఏర్పరచి, పిమ్మటనే రెండవ పలక చేతికీయవలెను.