వకీలుపై ఫిర్యాదా? బార్ కౌన్సిల్‌కే వెళ్లాలి!

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్: కోర్టులు దగ్గరకు వచ్చాయి గాని వకీలుపై ఫిర్యాదు మాత్రం నేటికీ హైదరాబాద్‌కే పోవాలి. 2016 అక్టోబరు 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి ఈ మూడు జిల్లాలు వేరుపడగా, 2022 జూన్ 2న కొత్త న్యాయ జిల్లాల ప్రారంభంతో జిల్లా ప్రధాన న్యాయస్థానాలు సైతం ఇక్కడికే తరలివచ్చిన సంగతి విదితమే. అలంపూర్ రైతుకైనా, అమ్రాబాద్ గిరిజనుడికైనా జిల్లా కోర్టు పని పడితే పాలమూరు బస్సెక్కే అవస్థ తప్పింది.

అయితే ఫీజు పుచ్చుకుని దావా దాఖలు చేయలేదనో, వాయిదాలకు హాజరు కాలేదనో, పరిహారంలో వాటా అడిగారనో బాధపడే కక్షిదారులకు ఎవరిని ఆశ్రయించాలో తెలియడం లేదు. కొందరు న్యాయవాదుల సంఘం అధ్యక్షుడి వద్దకు, మరికొందరు ఠాణాకు పోతుంటారు. విలేకరుల వద్దకు వచ్చేవారూ లేకపోలేదు. మోసం, ఫోర్జరీ వంటి నేరం జరిగితే పోలీసు కేసు పెట్టవచ్చు. కాని న్యాయవాది సనదుపై చర్య తీసుకునే అధికారం వీరిలో ఎవరికీ లేదు.

సంఘం వేరు, కౌన్సిల్ వేరు

బార్ అసోసియేషన్ అనేది ఒక కోర్టులో ప్రాక్టీసు చేసే న్యాయవాదులు తమ సంక్షేమం కోసం ఏర్పరచుకున్న సంఘం. ఎన్నికలు, గ్రంథాలయం, కూర్చునే గదులు, కోర్టు సమస్యలపై వినతులు దాని పనులు. నచ్చజెప్పగలదు, తన సభ్యత్వం నుంచి తొలగించగలదు. అంతకు మించి ఏమీ చేయజాలదు.

బార్ కౌన్సిల్ మాత్రం 1961 నాటి న్యాయవాదుల చట్టం ద్వారా ఏర్పడిన సంస్థ. న్యాయవాదిగా పేరు నమోదు చేసేది, తప్పు రుజువైతే ఆ పేరు తొలగించేది అదే. కోర్టు ధిక్కారం కింద శిక్షించే సందర్భంలో సైతం న్యాయవాది లైసెన్సును తాము నేరుగా రద్దు చేయలేమని, అది బార్ కౌన్సిల్ పరిధిలోనిదని సుప్రీంకోర్టు 1998లో స్పష్టం చేసింది. తెలంగాణ బార్ కౌన్సిల్ కార్యాలయం హైదరాబాద్‌లోని హైకోర్టు ప్రాంగణంలో ఉంది.

న్యాయవాదుల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రావని 2024 మే 14న సుప్రీంకోర్టు తీర్పు వెలువరించింది. దీంతో సేవాలోపం పేరిట వినియోగదారుల ఫోరానికి వెళ్లే మార్గం మూసుకుపోయింది. నష్టపరిహారం కోరితే సివిల్ దావా, వృత్తిపరమైన చర్య కోరితే బార్ కౌన్సిల్, ఈ రెండే మిగిలాయి.

పరిహారంలో శాతం చెల్లదు

జూరాల, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి, పాలమూరు-రంగారెడ్డి... ప్రాజెక్టుల పేర్లు చెబితే చాలు, భూసేకరణ కేసులు గుర్తుకు వస్తాయి. శ్రీశైలం ముంపు కాలం నుంచి ఈ ప్రాంతానికి పరిహారం దావాలు కొత్త కాదు. వీటితో పాటు రోడ్డు ప్రమాదాల కేసులు సరేసరి. ఇటువంటి చోటనే ‘గెలిస్తే ఇంత శాతం’ అనే మాట పుడుతుంది. ముందుగా ఫీజు ఇచ్చుకోలేని పేదకు అది సాయంలా కనిపించవచ్చు. కాని కేసు ఫలితాన్ని బట్టి ఫీజు నిర్ణయించుకోవడాన్ని, వచ్చిన సొమ్ములో వాటాకు ఒప్పుకోవడాన్ని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమావళిలోని 20వ నియమం నిషేధించింది.

ఈ విషయంలో మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసే ప్రమాణంగా నిలిచింది. 1998లో రోడ్డు ప్రమాదంలో భర్తను కోల్పోయిన ఒక మహిళ పరిహారం కోసం ఏళ్ల తరబడి పోరాడారు. అప్పటికే రూ.10 లక్షల ఫీజు చెల్లించారు. ఖాతాలో సొమ్ము లేదన్నా వినకుండా తన న్యాయవాది మరో రూ.10 లక్షలకు చెక్కుపై సంతకం చేయించుకున్నారని ఆమె వాదన. ఆ చెక్కు చెల్లకపోవడంతో న్యాయవాది ఆమెపైనే కేసు పెట్టారు. పరిహారంలో శాతం లెక్కన ఫీజు కోరడం ప్రజా విధానానికి విరుద్ధమని, అటువంటి ఫీజు కోసం చెక్కు కేసు నడపరాదని సుప్రీంకోర్టు 2017 డిసెంబరు 5న ఆ కేసును కొట్టివేసింది. సంతకం చేసినంత మాత్రాన చిక్కుకుపోయామని భావించే కక్షిదారులు గుర్తుంచుకోవలసిన తీర్పు ఇది.

కక్షిదారు తరఫున అందిన సొమ్ముకు న్యాయవాది లెక్కలు రాయాలి. సొమ్ము అందిన వెంటనే తెలియజేయాలి. ఫీజు బాకీ ఉందని కేసు కాగితాలు అట్టిపెట్టుకోవడం సైతం తప్పేనని 2000లో సుప్రీంకోర్టు తేల్చింది. ఫీజు రావలసి ఉంటే వసూలుకు వేరే మార్గాలు ఉన్నాయి, పట్టా పాసుపుస్తకం మాత్రం తాకట్టు వస్తువు కాదు. మరో వకీలును పెట్టుకోవడానికి పాత వకీలు సమ్మతి ఇవ్వకపోతే, కారణం చెప్పి కోర్టు అనుమతి పొందవచ్చు.

ఆసుపత్రుల వద్ద, కోర్టు గేట్ల వద్ద కేసులు పట్టే దళారుల విషయంలో మాత్రం జిల్లాకే అధికారం ఉంది. 2023 చట్ట సవరణ ప్రకారం జిల్లా జడ్జి, కలెక్టరు దళారుల జాబితా ప్రకటించవచ్చు. ఆ జాబితాలో ఉండీ దందా సాగించిన వారికి మూడు నెలల వరకు జైలు శిక్ష పడవచ్చు.

కేసు పట్టబోమన్న తీర్మానాలు

2019 నవంబరులో జరిగిన ‘దిశ’ ఘటన అనంతరం నిందితుల తరఫున ఎవరూ వాదించరాదని షాద్‌నగర్ న్యాయవాదులు తీర్మానించారు. ఆనాటి ఆగ్రహం ఎంత సహజమైనదో ఈ ప్రాంత ప్రజలకు వేరే చెప్పనక్కరలేదు. కాని ఇటువంటి తీర్మానాలు చెల్లవని, అవి వృత్తి ధర్మానికే విరుద్ధమని సుప్రీంకోర్టు 2010లోనే తీర్పు చెప్పింది. ఆ నలుగురు నిందితులు డిసెంబరు 6న పోలీసు కాల్పుల్లో మరణించడంతో వారి తరఫున నిలబడే వకీలు అవసరమే లేకపోయింది.

విధుల బహిష్కరణ సంగతీ అంతే. న్యాయవాదులకు సమ్మె హక్కు లేదని 2002 డిసెంబరు 17న సుప్రీంకోర్టు స్పష్టం చేసినా బహిష్కరణలు ఆగలేదు. తెలంగాణ ఉద్యమంలో న్యాయవాదుల పాత్రను ఎవరూ కాదనరు. 2021 ఫిబ్రవరిలో పెద్దపల్లి జిల్లాలో న్యాయవాద దంపతులను నడిరోడ్డుపై నరికి చంపినప్పుడు నల్లకోట్లు వీధికెక్కడమూ అర్థం చేసుకోదగినదే. అయినా కూలి వదులుకుని వాయిదాకు వచ్చిన మనిషి వట్టి చేతులతో ఊరికి తిరిగిపోయే రోజులూ అవే.

ఫిర్యాదు ఇలా

ఫిర్యాదు తెలుగులోనే రాయవచ్చు. సంతకం, ధ్రువీకరణ, నిర్ణీత రుసుము తప్పనిసరి. ఆధారముందని భావిస్తే బార్ కౌన్సిల్ దానిని ముగ్గురు సభ్యుల క్రమశిక్షణ కమిటీకి పంపుతుంది. సాక్షులను పిలిపించడంలో కమిటీకి సివిల్ కోర్టుతో సమానమైన అధికారాలుంటాయి. ఫిర్యాదును కొట్టివేయవచ్చు, మందలించవచ్చు, కొంతకాలం సస్పెండ్ చేయవచ్చు, లేదా పేరే తొలగించవచ్చు. కేసు ఓడిపోవడం ఒక్కటే దుష్ప్రవర్తన కాదన్నది గుర్తుంచుకోవాలి.

ఇక్కడొక ముఖ్యమైన నియమం ఉంది. మధ్యలో రాజీ కుదిరిందనో, ఫిర్యాదుదారు వెనక్కి తగ్గారనో, ఆ ఒక్క కారణంతో విచారణ ఆపరాదు. పెద్దమనుషుల సమక్షంలో ఎంతో కొంత ముట్టజెప్పి కాగితం రాయించుకున్నా కౌన్సిల్ ముందు విషయం ముగిసిపోదన్నమాట.

ఏడాదిలోగా తేలకపోతే వ్యవహారం ఢిల్లీలోని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు బదిలీ అవుతుంది. ఈ గడువును గట్టిగా పాటించాలని 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు మరోమారు ఆదేశించింది. గద్వాల నుంచి హైదరాబాద్ పోవడమే భారమైన వారికి ఢిల్లీ మాట చెప్పడం ఎంతవరకు న్యాయమో పెద్దలే ఆలోచించాలి. రాష్ట్ర కమిటీ నిర్ణయం నచ్చనివారు ఉత్తర్వు అందిన 60 రోజుల్లోగా బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు, అక్కడి నుంచి మరో 60 రోజుల్లోగా సుప్రీంకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు.

మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు, నిర్బంధంలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయవాదిని పొందవచ్చు. ఇందుకోసం జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వాలి.